ఒక్క గిట్టే కనిపిస్తోందట

మా అత్తగారింట్లో అందరికీ అన్నీ తెలుసు. మావగారు హైస్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు గ్రామరు దగ్గర్నుంచి ఏ పూట గొడుగు పట్టుకుని బయల్దేరాలో దాకా ఆయనకి తెలియని సంగతి లేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు ఆయన కళ్ళ ముందే పరిగెత్తినా సరే, మూడే. మా ఆయన బందరులో గుమాస్తా. శనివారం సాయంత్రం దివిసీమ బస్సు దిగి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కేవారు. మధ్యలో ఉన్న ఆ కాస్త వ్యవధీ "నాన్నగారు ఎలా చెబితే అలా" అనడానికే సరిపోయేది.

నేను నందివాడ దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మాది గొడ్లున్న ఇల్లు. మా అమ్మ సంతకం కూడా చెయ్యలేదు. కానీ చుట్టుపక్కల ఎవరి ఆవైనా ఈనలేక అవస్థ పడుతుంటే ముందు మా అమ్మకే కబురొచ్చేది. చేతిలో ఏ పనున్నా వదిలేసి, ఆముదం సీసా, సబ్బుబిళ్ళ పట్టుకుని వెళ్ళేది. పన్నెండేళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ నన్నూ వెంటబెట్టుకెళ్ళేది. నా చెయ్యి సన్నం కదా, లోపలికి సులువుగా పోతుందని.

"ఆవు నీతో మాట్లాడదే, చూసి తెలుసుకోవాలి" అనేది. ఈనే రోజు దగ్గరపడితే తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడాలి. పొదుగు నిండుకురావాలి. వెనక నుంచి వేలాడే జిగురు తీగలు గాజులా తెల్లగా ఉంటే బెంగలేదు. ఎరుపు తిరిగినా, కంపు కొట్టినా లోపలేదో అయిందన్నమాట. ఉమ్మనీరు పగిలాక గంటలోనో గంటన్నరలోనో గిట్టలు బయటికి రావాలి. "రెండు గిట్టలూ, వాటి మీద మూతీ. మూడూ కలిసి వచ్చాయా, నువ్వెళ్ళి కాఫీ తాగు. మూడింట్లో ఒకటి తక్కువైందా, కాఫీ మానేసి చేతులు కడుక్కో." ఇదీ మా అమ్మ చదువు. గిట్టల అరికాళ్ళు నేల వైపు ఉంటే ముందుకాళ్ళు, ఆకాశం వైపు ఉంటే వెనక్కాళ్ళు. ఒక్క గిట్టే వచ్చి రెండోది రాలేదంటే అది లోపల మోకాలి దగ్గర మడతపడి ఉందని. అప్పుడు మాత్రం చచ్చినా లాగకూడదు. దూడని వెనక్కి తోసి, మడతపడ్డ కాలు వెతికి, గిట్టని అరచేతిలో దాచుకుని సాపు చేసి తేవాలి. అమ్మ చెబుతుంటే రెండుసార్లు నా చేత్తో నేనే చేశాను.

ఇంత తెలిసిన నేను, గొడ్డు తోక ఏ వైపు ఉంటుందో కూడా తెలియని ఇంటికి కోడలినయ్యాను.

మా వాళ్ళు అరణం కింద నాతో ఒక ఎర్రపెయ్యని పంపారు. నాటుది, పొట్టిది, నడుము సన్నం. నేను పాలు పట్టి పెంచిన పెయ్య. అది ఎదకొచ్చిన రోజుల్లోనే పక్క ఊళ్ళో ఎవరో ఒంగోలు ఆంబోతుని తెచ్చారని మావగారికి తెలిసింది. ఇంకేముంది, "దూడ ఏనుగు పిల్లలా పుడుతుంది" అని పాలేరు చేత దాన్ని తోలించారు. ఆ నడుములోంచి ఏనుగు పిల్ల ఎలా బయటికొస్తుందండీ అని అడిగేవాళ్ళు లేరు. నేను అడగకూడదు. ఆ ఇంట్లో కోడలు మావగారి ఎదుట పడి మాట్లాడకూడదు. ఆయనకేదైనా చెప్పాలంటే నేను వంటింట్లో అత్తగారితో చెప్పాలి. ఆవిడ శనివారం దాకా ఆగి కొడుకుతో చెబుతారు. ఆయన సమయం చూసి తండ్రితో చెబుతారు. తొలిచూలుకి అంత పెద్ద ఆంబోతు వద్దని నేను మంగళవారం అన్న మాట మావగారి చెవిన పడేసరికి ఆదివారమైంది. అప్పటికి పెయ్య చూడి కట్టేసింది.

తర్వాత రెండు మూడు నెలలకి నేనూ నెల తప్పాను. ఇక చూడండి, నా పాట్లు.

"చూలాలు చూడి గొడ్డు దగ్గరికి పోకూడదమ్మా" అన్నారు అత్తగారు. "ముఖ్యంగా అది ఈనేటప్పుడు కంటబడకూడదు. దానికీ మంచిది కాదు, నీకూ మంచిది కాదు."

"నేను కడుపులో ఉన్నప్పుడు కూడా మా అమ్మ వెళ్ళేదండీ."

"మీ అమ్మగారి సంగతి వేరు. ఇక్కడ కుదరదు."

అంతే. గొడ్లసావిడి గడప దాటనివ్వలేదు. నా ఆవుని నేను వంటింటి కిటికీలోంచి చూడాలి. ఆ కిటికీలోంచి అయినా సరిగ్గా కనిపించి చస్తేగా! సావిడిలో దాన్ని కట్టేసిన తీరుకి దాని ముందువైపే కనబడేది. నాకు చూడాల్సింది రెండో వైపు. రోజూ పాలేరుని పిలిచి, తోక పక్కన గుంటలు పడ్డాయా, తీగలేమైనా వేస్తోందా అని అడిగేదాన్ని. పాలేరు వరి పనిలో గట్టివాడే గానీ గొడ్డు పురుడు చేతిమీదుగా జరిపినవాడు కాదు. "ఏమోనమ్మా, బానే ఉన్నట్టుందండి" అనేవాడు. కడుపు మాత్రం రెండు పక్కలా తన్నుకొచ్చి, ఆ చిన్న ఒంటికి తగనంత పెరిగింది. అది కిటికీలోంచి కూడా తెలుస్తూనే ఉంది.

ఈనడానికి వారం ముందే, పశువుల డాక్టరుకి ఒకసారి చూపించమని అత్తగారు, మా ఆయన మీదుగా అదే దారిలో కబురు పంపాను. ఆసుపత్రి కాలవ దాటి ఆరుమైళ్ళు. జవాబు మాత్రం చాలా తొందరగా వచ్చింది, వీధి అరుగు మీంచి వంటింట్లోకి వినబడేంత గట్టిగా.

"ఆవు ఈనడానికి డాక్టరేమిటి? రేపు కోడి గుడ్డు పెట్టడానికీ డాక్టర్నే పిలవమంటుంది!"

అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. మా ఆయన నవ్వు కూడా అందులో వినబడింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వారం తర్వాత, ఆదివారం పొద్దున్న. మొదటి కాఫీకి నీళ్ళు పెట్టి కిటికీ దగ్గరికొచ్చాను. ఆవు లేస్తోంది, పడుకుంటోంది, వెనక్కి తిరిగి తన పక్కల్ని తనే చూసుకుంటోంది. కాసేపటికి పాలేరు గంపతో బూడిద తెచ్చి దాని వెనకాల నేల మీద చల్లడం కనిపించింది. ఉమ్మనీరు పోయిందన్నమాట. సరే, ఇక గిట్టలు రావాలి అనుకుంటూ పనిలో పడ్డాను. ఒక చెవి సావిడి వైపే పెట్టాను. కూర తరిగాను. పప్పు ఉడికింది. ఆవు ముక్కుతూనే ఉంది. అన్నానికి ఎసరు పెట్టాను. ఇంకా ముక్కుతూనే ఉంది.

"అత్తయ్యగారూ, ఉమ్మనీరు పోయి ఎంతసేపైందో కనుక్కోండి" అన్నాను, నాకు తెలిసే.

ఆవిడ పెరటి గడప దాకా వెళ్ళి, "అబ్బాయ్, నీళ్ళు పోయి ఎంతసేపైందట?" అన్నారు. సావిడి బయట నిలబడ్డ మా ఆయన, "నాన్నగారండీ, ఎంతసేపైందంటారు?" అన్నారు. పడక్కుర్చీ వేయించుకుని కూర్చున్న మావగారు, "ఇప్పుడేగా" అన్నారు. "ఇప్పుడేనట" అన్నారు మా ఆయన. "ఇప్పుడేనటమ్మా" అన్నారు అత్తగారు నా దగ్గరికొచ్చి.

అప్పటికి నీళ్ళు పోయి రెండు గంటలు దాటింది! నా కాఫీ, నా పప్పు, నా ఎసరు సాక్ష్యం.

"గిట్టలు ఎన్ని కనిపిస్తున్నాయో అడగండి."

మాట మళ్ళీ అదే దారిన వెళ్ళి, అదే దారిన తిరిగొచ్చింది. "కనిపిస్తున్నాయట."

"ఎన్నండీ? ఒకటా, రెండా?"

"కనిపిస్తున్నాయన్నారు కదమ్మా."

గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం. గోడ తప్పు జవాబులు చెప్పదు. మూడోసారి నేనే కిటికీకి మొహం ఆనించి, "ఎన్ని గిట్టలో లెక్కపెట్టి చెప్పమనండీ" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పాలేరు విని, ఎవరికీ చెప్పకుండా నాకే జవాబిచ్చాడు.

"ఒక్కటేనమ్మా అవుపడతంది. మూతి కొస కూడా కొంచెం అవుపడతంది."

ఒక్క గిట్ట, మూతి. రెండో కాలు లోపల మడతపడి ఉంది. అసలే పెద్ద దూడ, సన్న నడుము. అత్తగారి చెయ్యి పట్టుకుని, "చెయ్యి పెట్టి రెండో కాలు సరిచెయ్యాలి. నన్ను వెళ్ళనివ్వండి. లేకపోతే సబ్బు రాసుకుని పాలేరుని పెట్టమనండి, నేనిక్కణ్ణుంచి ఎలాగో చెబుతాను" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి గడప దగ్గరికి వెళ్ళారు. "అబ్బాయ్, ఒక్క కాలే వచ్చిందట, రెండోది లోపల ఇరుక్కుందేమో అంటోంది" అన్నారు. ఎవరంటున్నారో కూడా చెప్పలేదు పాపం.

అప్పుడు మావగారు నవ్విన నవ్వు నేను విన్నాను.

"మనం మాత్రం రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి వేస్తామటరా? ఒకటి ముందు, ఒకటి వెనక. నడక అంటేనే అది. దూడ కూడా అంతే. రెండోది దాని వెనకే వస్తుంది."

హెడ్మాస్టరు తర్కం! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! మా ఆయన తలూపారు. ఆ మీదట మావగారు పంచాంగం తెప్పించుకున్నారు. పదకొండున్నర దాకా వర్జ్యం ఉందట. అందుకే ఈనడం లేదట. వర్జ్యం వెళ్ళిపోగానే దానంతటదే ఈనుతుందట. ఆ నోరులేని జీవం ముక్కి ముక్కి కళ్ళు తేలేస్తోంది. వీళ్ళేమో గడియారం చూస్తూ కూర్చున్నారు. నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. అన్నం అడుగంటింది. ఎవరో ఒకరు నన్ను తిడితే బాగుండు, నేనూ తిట్టొచ్చు అనిపించింది. ఎవరూ తిట్టలేదు.

పదకొండున్నరైంది. వర్జ్యం పోయింది. దూడ రాలేదు. అప్పుడు కిటికీలోంచి నాకు కనిపించింది, పాలేరు గోడకి తగిలించిన పలుపు తీస్తున్నాడు. ఎందుకో నాకు తెలుసు.

"లాగొద్దండీ! ఒక్క కాలు పట్టి లాగొద్దు!"

నేను మావగారి ఎదుట నోరెత్తడం అదే మొదటిసారి. మావగారు తల తిప్పారు. ఆవు వైపు కాదు, నా కిటికీ వైపు. "ఎవరు మాట్లాడింది?" అని కొడుకుని అడిగారు. ఎవరో ఆయనకి తెలియదూ! మా ఆయన నేల చూశారు. "కానివ్వండ్రా" అన్నారు మావగారు.

నేను పెరటి గడప దగ్గరికి వచ్చేశాను. అత్తగారు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టారు. "వద్దమ్మా. నిండు మనిషివి. నీ కడుపులో ఉన్నదాని మొహం చూసి ఆగు" అన్నారు.

ఆగాను. నిజం చెప్పాలి కదా, ఆగాను. కడుపు మీద చెయ్యి వేసుకుని, ఏమో, నిజంగానే ఏమైనా అవుతుందేమో అని ఒక్క భయం పుట్టింది. నందివాడ దగ్గర పుట్టి, మా అమ్మ చేతికింద పెరిగిన నాకు ఆ భయం పుట్టింది. నేను ఆగిన ఆ కాస్తలో వాళ్ళు లాగారు. కాలవగట్టు మీద పడవ లాగినట్టు మా ఆయనా, పాలేరూ కాళ్ళు తన్నిపెట్టి లాగారు. ఆవు అరిచింది. ఆ అరుపు ఆవు అరుపులా లేదు. ఇక నేను అత్తగారి చెయ్యి తోసేసి వెళ్ళిపోయాను.

"పలుపు వదలండి" అన్నాను. ఎవరి మొహమూ చూడలేదు. పాలేరు వెంటనే వదిలేశాడు. "వేణ్ణీళ్ళు, సబ్బు, ఆముదం" అన్నాను. ఎవరు తెచ్చారో కూడా చూడలేదు. మోచేతి పైదాకా రాసుకుని దాని వెనకాల నేల మీద కూర్చున్నాను. కడుపు అడ్డమొస్తుంటే పక్కకి ఒరిగి కూర్చోవాల్సొచ్చింది. దూడ నాలుక బయటికొచ్చి, వాచి, నీలంగా ఉంది. నోట్లో వేలు పెట్టాను. బతికున్న దూడైతే వేలు చప్పరిస్తుంది. చప్పరించలేదు. కంటి రెప్ప ముట్టుకున్నాను. కదల్లేదు.

పోయింది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పలుపు కట్టేముందు ఉందో లేదో. నేను గుమ్మంలో నిలబడ్డప్పుడు ఉందో లేదో.

ఇక ఆవైనా దక్కాలి. ముక్కడం ఆగినప్పుడల్లా దూడ నుదురు పట్టి లోపలికి తోశాను. లాగడంతో భుజం ఎముకల మధ్య ఇరుక్కుని ఉంది. చాలాసేపు అది కదల్లేదు. చేతులు తిమ్మిరెక్కిపోయాయి. చివరికి కొంచెం వెనక్కి జరిగింది. లోపల మోకాలు దొరికింది. దాని కింద వెతికితే గిట్ట దొరికింది. అరచేతిలో దాచుకుని ముందుకి తెచ్చాను. రెండు గిట్టలూ, వాటి మీద మూతీ. మా అమ్మ చెప్పినట్టు మూడూ కలిశాయి. "ఇప్పుడు లాగండి, అది ముక్కినప్పుడే, కిందికి" అన్నాను. వచ్చేసింది. ఏనుగు పిల్లలాంటి కోడెదూడ.

సాయంత్రానికి మాయ పడింది. ఆవు లేచి నిలబడింది. కుడితి తాగింది.

ఆ సాయంత్రమే అరుగు మీద మావగారు ఎవరికో చెబుతుంటే విన్నాను. "అంతా సవ్యంగా జరుగుతోందండీ, వర్జ్యం కూడా పోయింది. ఇంతలో కడుపుతో ఉన్న మా కోడలు వచ్చి చూసింది. దూడ దక్కలేదు." వింటున్నాయన అయ్యయ్యో అన్నాడు. ఈ మాట తర్వాత చాలా ఏళ్ళు ఊళ్ళో చెప్పుకున్నారు. నెలలు నిండాక నాకు పిల్ల సుఖంగా పుట్టింది. అప్పుడేమన్నారో తెలుసా? వీళ్ళు మోపిదేవి గుళ్ళో మొక్కుకోబట్టేనట. గండం దూడ మీద నుంచి పోయిందట. అటైనా నాదే తప్పు, ఇటైనా నా గొప్ప లేదు. ఆ పిల్లకిప్పుడు మనవలున్నారు, గుండ్రాయిలా ఉంది.

ఆవు ఈనిన మూడో రోజు అత్తగారు జున్నుపాలు చెంబుతో తెచ్చి వంటింట్లో పెట్టారు. దూడ లేదని తీయకుండా వదిలేస్తే పొదుగు గడ్డకడుతుంది కదా, పాలేరు చేత పిండించారు.

"మీ మావగారు జున్ను చెయ్యమన్నారమ్మా."

"నేను చెయ్యనండీ" అన్నాను. ఆ మూడు రోజుల్లో నేను ఎవరితోనైనా అన్న మాటల్లో అదే పెద్దది.

ఆవిడ పీట వేసుకుని కూర్చుని తనే బెల్లం తురిమారు, మిరియాలు దంచడం మొదలుపెట్టారు. దంచుతూ, తలెత్తకుండానే అన్నారు.

"మా పుట్టిల్లు పమిడిముక్కలలోనూ గొడ్లుండేవి. ఒక్క కాలే వచ్చిందంటే రెండోది మడతపడిందని నాకు మాత్రం తెలియదూ?"

నేను తిరిగి చూశాను. "తెలుసా మీకు?"

"ఎందుకు తెలియదు."

"మరి చెప్పలేదేమండీ!"

"కాపరానికొచ్చిన కొత్తలో ఒకసారి చెప్పాను, వేరే గొడ్డు విషయంలో. 'ఆడదానివి, నీకేం తెలుసు' అన్నారు. నలుగురిలో అన్నారు. ఆ గొడ్డు చచ్చిపోయింది. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు."

ఆ మాటకి నాకు ఆవిడ మీద జాలి కలగాలి. కలగలేదు. కోపమే వచ్చింది, అంతకు ముందున్న దానికి రెండింతలు. తెలిసి కూడా గడపకీ కిటికీకీ మధ్య నా మాటలు మోసుకుంటూ తిరిగారు! తెలిసి కూడా నాకు చెయ్యి అడ్డం పెట్టారు! ఆవిడ నోరు తెరిచి ఒక్క మాట అంటే, మేమిద్దరం కలిసి వెళ్తే, ఆ దూడ బతికేదేమో. ఆ మాటే అనేశాను ఆవిడతో. "బతికేదేమోనమ్మా" అన్నారు ఆవిడ. మిరియాలు దంచుతూనే ఉన్నారు.

ఆ జున్ను నేను ముట్టలేదు. ఆవిడా ముట్టలేదు. మావగారు రెండు ముక్కలు వేయించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, మిరియాలు కొంచెం తక్కువయ్యాయన్నారు.